తెగడం ముందా, జతకట్టడం ముందా? ఈస్ట్ మియోసిస్ మీద ఒక డౌట్

ఇజీనారం_మాస్టారు:

అందరికీ నమస్కారం. విజయనగరంలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తుంటాను. మొన్న ఫస్టియర్ వాళ్లకి మియోసిస్ పాఠం, అంటే క్రోమోసోమ్‌ల సంఖ్య సగమయ్యే కణవిభజన, ఎప్పట్లాగే అందులో వరసగా వచ్చే దశలు లెప్టోటీన్, జైగోటీన్, పాకీటీన్ అని బోర్డు మీద బొమ్మలు గీసుకుంటూ పోతున్నాను, చీపురుపల్లి నుంచి ట్రైన్‌లో వచ్చే ఒక పిల్ల లేచి "మాస్టారూ, జైగోటీన్‌లో హోమోలోగస్ క్రోమోసోమ్‌లు, అంటే తల్లి నుంచి ఒకటీ తండ్రి నుంచి ఒకటీ వచ్చిన జోడీలు, జతకడతాయన్నారు కదా, దీని జోడీ అదే అని దానికెలా తెలుస్తాది, దానికేటి కళ్లున్నాయా" అంది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వేసి "ఒకేలా ఉన్నవి ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయమ్మా" అని ఏదో చెప్పేశాను, అంతలో బెల్లు కొట్టారు, బతికిపోయాను.

కానీ ఇంటికొచ్చాక మనసొప్పలేదు. ఆకర్షించుకుంటాయి అంటే అది జవాబు కాదు కదా, ప్రశ్ననే ఇంకోలా తిప్పి చెప్పడం. రాత్రి కూర్చుని చదివితే ఇంకా గందరగోళం అయిపోయింది. ఈస్ట్‌లో అయితే జతకట్టే ముందే డీఎన్‌ఏ రెండు పోగులూ కలిపి తెగిపోతాయట, అదీ పొరపాటున కాదు, కణం కావాలనే తెంపుతుందట. మన ఇంటర్ బుక్ ప్రకారం ముందు జోడీ కుదరాలి, తర్వాత పాకీటీన్‌లో క్రాసింగ్ ఓవర్, అంటే తెగి మార్చుకోవడం అప్పుడే అనుకుంటాం. ఇక్కడేమో వరస తిరగబడింది. జోడీ ఎక్కడుందో తెలీకముందే తనని తాను తెంపేసుకుంటే, తీరా జోడీ దొరక్కపోతే ఏటవుద్ది? ఇంత పెద్ద రిస్కు కణం ఎందుకు తీసుకుంటుంది? ఆ పిల్లకి సోమవారం సరైన జవాబు చెప్తానని మాటిచ్చాను, తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త తెలుగులో విడమరిచి చెప్పండి బాబూ.

రాజాం_నీట్_బ్యాచ్:

సార్ నీట్‌లో పాకీటీన్ అంటే క్రాసింగ్ ఓవర్, ఎంజైమ్ రికాంబినేజ్, జైగోటీన్ అంటే సినాప్సిస్, జోడీలు అతుక్కోవడం. అంతకుమించి అడగరు. పిల్లల్ని కన్ఫ్యూజ్ చెయ్యకండి సార్, మాకు మా సార్ ఇలాంటివి చెప్పి చెప్పి సిలబస్ అవగొట్టలేదు.

సిక్కోలు_కల్లుముంత:

రాజాం తమ్ముడూ, పరీక్షకి నువ్వు చెప్పిందే రాయాలి, అందులో తేడా లేదు. కానీ ఆ పిల్ల అడిగింది పరీక్ష ప్రశ్న కాదు, సైన్స్ వాళ్లు ఏళ్ల తరబడి తలలు పట్టుకున్న ప్రశ్న, అందుకని మాస్టారికి కాస్త వివరంగానే రాస్తాను. మాది శ్రీకాకుళం, కొన్నేళ్లు ఈస్ట్ మీదే పనిచేశాను, ఇంట్లో వాళ్లు ఇప్పటికీ "వీడు కల్లులో పురుగుల మీద చదివాడు" అంటారు, పేరు అందుకే ఇలా పెట్టుకున్నాను. అబద్ధమేమీ కాదులెండి, తాటికల్లు పొంగడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి ఈ సాకరోమైసిస్ సెరివిసియేనే, బేకరీలో రొట్టె పొంగించేదీ అదే.

ఈ ఈస్ట్‌కి తిండి దొరికినన్నాళ్లు మొగ్గలేసుకుంటూ మామూలుగా పెరుగుతుంది. నైట్రోజన్ అయిపోయి, చక్కెర లేక ఎసిటేట్ లాంటిది మాత్రమే మిగిలితే అప్పుడు డిప్లాయిడ్ కణం, అంటే ప్రతి క్రోమోసోమ్ జోడీగా ఉన్న కణం, మియోసిస్‌లోకి దిగి ఒక సంచిలో నాలుగు స్పోర్‌లు, అంటే విత్తనాల్లాంటి కణాలు, పెడుతుంది. క్రోమోసోమ్‌లు 16 జతలు. ఎస్‌కే1 అని ఈస్ట్‌లో ఒక స్ట్రెయిన్, అంటే ఒక రకం, ఉంది, దాన్ని ఎసిటేట్‌లో వేస్తే కణాలన్నీ ఇంచుమించు ఒకేసారి కదులుతాయి, గంటగంటకీ కొంచెం తీసి డీఎన్‌ఏ చూస్తే ఏది ముందు ఏది వెనక అని గడియారం పెట్టి చెప్పొచ్చు. 1991లో నాన్సీ క్లెక్నర్ ల్యాబ్ వాళ్లు సరిగ్గా ఇదే చేశారు. డీఎన్‌ఏలో తెగుళ్లు (పంటకొచ్చే తెగుళ్లు కావు, పోగులు తెగిన చోట్లు) ఎప్పుడు కనపడుతున్నాయి, రెండు క్రోమోసోమ్‌ల మధ్య జిప్పులా పడే సినాప్టోనీమల్ కాంప్లెక్స్ ఎప్పుడు కనపడుతోంది అని పక్కపక్కన పెట్టి చూస్తే తెగుళ్లే ముందు వచ్చాయి, జిప్పు పూర్తిగా పడే సమయానికి ఆ తెగుళ్లు కనపడకుండా పోయాయి. కాబట్టి మాస్టారూ, మీరు చదివింది కరెక్టే.

తెంపేది ఎవరంటే స్పో11 అనే ప్రోటీన్. 1997లో కీనీ, జిరూ, క్లెక్నర్ ముగ్గురూ దీన్ని పట్టుకున్నారు. పట్టుకోవడం అని ఊరికే అనలేదు, అది తెంపిన చోటే డీఎన్‌ఏ కొసకి అతుక్కుని ఉండిపోతుంది, దొంగతనం చేసి తాళంకప్పలో చెయ్యి ఇరుక్కున్నట్టు. ఒక్క కణంలో ఒక్క మియోసిస్‌కి దాదాపు 150 నుంచి 200 చోట్ల ఇలా తెగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. తెగిన కొస నుంచి ముందు స్పో11ని కోసి పారేస్తారు, తర్వాత ఒక పోగుని కొంతదూరం కొరికేస్తారు, వందల బేస్‌ల, అంటే డీఎన్‌ఏ అక్షరాల, పొడవున ఒంటి పోగు తోకలా వేలాడుతుంది. దాని మీద ర్యాడ్51, డీఎంసీ1 అనే రెండు ప్రోటీన్‌లు పూసల్లా కూర్చుంటాయి. ఇక ఆ తోక వెతుకులాట మొదలెడుతుంది, కనపడిన ప్రతి డీఎన్‌ఏలోకీ దూరి "నా అక్షరాలూ నీ అక్షరాలూ కలుస్తున్నాయా" అని చూసుకుంటుంది. మాస్టారూ, ఆ పిల్లకి ఇది చెప్పండి. డీఎన్‌ఏ రెండు పోగులూ చుట్టుకుని ఉన్నంతసేపు అక్షరాలు లోపలివైపు ఒకదానితో ఒకటి జతపడి ఉంటాయి, బయటవాడితో పోల్చి చూసుకునే వీలు తక్కువ. తెంపి ఒలిస్తేనే అక్షరాలు బయటపడతాయి. కళ్లు లేవన్నది కదా, తెగిన ఆ తోకే దాని కన్ను.

కొస ఒక్కసారే మొత్తం పోల్చి చూడదు. పరీక్షనాళికలో చూసినదాని ప్రకారం ముందు ఓ 8 అక్షరాలు వరసగా కలుస్తున్నాయా అని చూస్తుంది, కలవకపోతే వెంటనే వదిలేస్తుంది. సరదాగా లెక్కేద్దాం. 8 అక్షరాల మాటలు మొత్తం 65,536 రకాలు. ఈస్ట్ జీనోమ్ దాదాపు 1 కోటి 20 లక్షల అక్షరాలు, కాబట్టి ఏ 8 అక్షరాల మాటైనా ఊరికే కాకతాళీయంగానే సుమారు 180 చోట్ల ఉంటుంది, రెండో పోగు వైపు నుంచి కూడా చదివితే దానికి రెట్టింపు. అంటే 8 కలిసినంత మాత్రాన పెళ్లి కుదిరినట్టు కాదు, అక్కణ్నుంచి ఇంకా పొడుగ్గా కలుస్తూ పోవాలి, అప్పుడే గట్టిపడుతుంది. గోత్రం కలిసింది కదా అని లగ్నపత్రిక రాసేస్తామేటి.

ఇలాంటి కొసలు అన్ని క్రోమోసోమ్‌ల మీదా కలిపి 150 పైన ఉంటాయి కాబట్టి ఒక్కో జతకి చాలాచోట్ల ముడులు పడతాయి, ఆ ముడులే రెండిటినీ పక్కపక్కకి లాగుతాయి. ఆ ముడుల్లో కొన్నిచోట్లా, సెంట్రోమియర్‌ల (విభజనలో క్రోమోసోమ్‌ని పట్టి లాగే చోటు) దగ్గరా, జిప్1 అనే ప్రోటీన్ మొదలై అటూ ఇటూ పాకుతూ జిప్పు వేస్తుంది. జైగోటీన్‌లో మనం బోర్డు మీద గీసే బొమ్మ ఇదే. ఒక్క ముక్కలో చెప్పాలంటే ఈస్ట్‌లో జోడీ కుదిరాక తెగడం కాదు, జోడీని వెతకడానికే తెగడం.

పుస్తకం తప్పా అంటే పూర్తిగా తప్పనను. తెగడం ముందే జరిగినా, ఆ ముడులు విడిపోయి ముక్కలు నిజంగా మారి, క్రాసోవర్ చేతికొచ్చేది పాకీటీన్ చివర్లోనే. పుస్తకం పంట చేతికొచ్చిన రోజు రాసింది, విత్తిన రోజు వదిలేసింది.

పొందూరు_పోగు:

బాగా రాసారన్నా. నాను సదివింది పదే, మాది నేత ఇల్లు, అమ్మ ఇప్పటికీ రాట్నం ఒడుకుతాది. పోగు పోగు అని సదవతా ఉంటే నాకో అనుమానం వచ్చింది, తప్పయితే నవ్వకండి. మా దగ్గర పోగు తెగితే దాని రెండో కొస పక్కనే ఉంటాది, ఆ రెండూ కలిపి అతికేత్తాం. దాన్ని ఒగ్గేసి ఎక్కడో ఆ మూలనున్న పోగు కోసం ఎవుడైనా ఎతుకుతాడేటి? మీరు సెప్పినదాని పెకారం ఇక్కడ అదే జరుగుతోంది కదా. పైగా డీఎన్‌ఏ ముందే కాపీ అయిపోయి ఉంటాదని మా అమ్మాయి బుక్కులో సూసాను, అంటే అచ్చం అలాంటి పోగే ఇంకోటి దాన్ని ఆనుకునే ఉంటాది. మరి దాన్ని సూసి బాగుచేసుకోకుండా దూరపోడి దగ్గరికి పోవడమేటి?

సిక్కోలు_కల్లుముంత:

నవ్వడమేంటి గురూ, ఈ ప్రశ్న నేను చదువుకున్నప్పుడు మా బ్యాచ్‌లో ఒక్కడికీ తట్టలేదు. నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజం, మామూలు కణంలో డీఎన్‌ఏ తెగితే పక్కనే ఆనుకుని ఉన్న సిస్టర్ క్రొమాటిడ్‌ని, అంటే నువ్వన్న ఆ కాపీని, చూసే బాగుచేసుకుంటుంది, అదే దగ్గర, అదే సేఫ్. మియోసిస్‌లో మాత్రం కణం పనిగట్టుకుని ఆ దారికి అడ్డం కడుతుంది. క్రోమోసోమ్ వెన్నెముక లాంటి భాగం మీద హాప్1, రెడ్1 అని రెండు ప్రోటీన్‌లు ఉంటాయి, తెగులు పడగానే అక్కడ మెక్1 అనే కైనేజ్ (వేరే ప్రోటీన్‌లకి ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) పనిలోకి దిగుతుంది, "పక్కింటికి వద్దు, అవతలి వీధికి పో" అన్నట్టు సిస్టర్‌తో అతకడాన్ని అణిచిపెడుతుంది. ఆ మెక్1ని తీసేసిన ఈస్ట్‌లో ఏమవుతుందో తెలుసా, తెగుళ్లు చకచకా పక్కనున్న సిస్టర్‌తోనే అతుక్కుపోతాయి, చూడ్డానికి అంతా బాగున్నట్టే ఉంటుంది, కానీ జోడీతో ముడి పడదు, స్పోర్‌లు చాలావరకు చచ్చిపోతాయి.

ఎందుకంటే ఆ ముడి అలంకారం కాదు. మియోసిస్ మొదటి విభజనలో జోడీలు రెండూ రెండు వైపులకి పోవాలంటే ముందు రెండూ కలిసి కట్టి ఉండాలి, అప్పుడే రెండు వైపుల నుంచి లాగినప్పుడు బిగువు వస్తుంది, ఆ బిగువుని బట్టే కణం సరిగ్గా కట్టుకున్నామా లేదా అని తెలుసుకుంటుంది. స్పో11 లేని ఈస్ట్‌ని చూడండి, తెగడమే లేదు కాబట్టి ముడీ లేదు, క్రోమోసోమ్‌లు ఎటు తోస్తే అటు పోతాయి. ఒక జత సరిగ్గా విడిపోవడానికి సగం ఛాన్సు, 16 జతలూ సరిగ్గా విడిపోవాలంటే 65,536లో ఒక్కటి. పైన 8 అక్షరాల లెక్కలో వచ్చిన అంకే మళ్లీ వచ్చింది చూశారా, దానికీ దీనికీ సంబంధమేమీ లేదు, లెక్క అలా కుదిరిందంతే. ఆ ఈస్ట్ స్పోర్‌లు పెట్టడం పెడుతుంది, అందులో బతికేవి నూటికి ఒకటి కూడా ఉండవు.

ఇక మాస్టారి రెండో ప్రశ్న, జోడీ దొరక్కపోతే ఏటవుద్ది అని. డీఎంసీ1 లేని ఈస్ట్‌లో సరిగ్గా అదే పరిస్థితి, తెగుళ్లు పడతాయి, తోకలు ఒలుచుకుంటాయి, కానీ దూరే పని జరగదు. అప్పుడు కణం ముందుకు పోదు, ఆగిపోతుంది. విభజనకి పచ్చజెండా ఊపే ఎన్‌డీటీ80 అనే ప్రోటీన్‌ని పనిచెయ్యనివ్వదు. రిస్కు తీసుకుంటుంది గానీ చేతిలో బ్రేకు పెట్టుకునే తీసుకుంటుంది. తెంపడం కూడా ఒక్కడి చేతిలో పెట్టలేదు, స్పో11తో కలిపి 10 ప్రోటీన్‌లు ఉంటేనే ఒక్క తెగులు పడుతుంది, ఏ ఒక్కటి లేకపోయినా పడదు. బీరువాకి పది తాళాలు. పైగా ఒకచోట తెగితే ఆ చుట్టుపక్కల ఇంకోటి తెగకుండా చూసే కాపలా వేరే ఉంది, జోడీ కుదిరిన చోట తెంపడం తగ్గించేస్తుంది కూడా.

నాగావళి_గట్టు:

అందరూ బాగా రాశారు గానీ ఒక్క మాట అడ్డు చెప్తాను, లేకపోతే మాస్టారు క్లాసులో "తెగితేనే జతకడతాయి" అని సూత్రంలా చెప్పేస్తారని భయం. నేను పనిచేసింది సీ ఎలిగాన్స్ అనే నులిపురుగు మీద. దాంట్లో ఈ కథ చెల్లదు. 1998లో అబ్బీ డెర్న్‌బర్గ్ వాళ్లు స్పో11 లేని పురుగుల్ని చూస్తే తెగుళ్లు లేకపోయినా జోడీలు చక్కగా దొరికాయి, జిప్పు కూడా పూర్తిగా పడింది, క్రాసోవర్‌లు మాత్రమే లేవు. ఈ పురుగుకి ఒక్కో క్రోమోసోమ్‌కి ఒక కొస దగ్గర పెయిరింగ్ సెంటర్ అని ఒక గుర్తు ఉంటుంది, దానికి అతుక్కునే ప్రోటీన్‌లు వేరే ఉంటాయి, వాటితోనే పని నడుస్తుంది. ఆడ పండుఈగలోనూ అంతే, తెగుళ్లు లేకపోయినా జిప్పు పడుతుంది. మగ పండుఈగ అయితే ఇంకా విడ్డూరం, అసలు క్రాసింగ్ ఓవరే లేదు, అయినా క్రోమోసోమ్‌లు సరిగ్గా పంచుకుంటుంది. ఇంకోవైపు ఎలుక దాదాపు ఈస్ట్ దారిలోనే పోతుంది, స్పో11 లేని ఎలుకలు గొడ్డుపోతాయి. ఒక రకంగా మన ఇంటర్ బుక్కు నులిపురుగుని చూసి రాసినట్టుంటుంది, నేనైతే సంతోషించాను.

ఇంకోటి, కల్లుముంత గారు పెయిరింగ్‌నీ సినాప్సిస్‌నీ ఒకే గంపలో వేసేశారు. దగ్గరకి చేరడం వేరు, జిప్పు పడడం వేరు. ఈస్ట్‌లో స్పో11లో ఒక్క అమైనో ఆమ్లం, 135వ స్థానంలో ఉన్న టైరోసిన్ మార్చేస్తే ప్రోటీన్ ఉంటుంది గానీ తెంపలేదు, అలాంటి ఈస్ట్‌లో కూడా జోడీలు కొంతవరకు దగ్గరపడడం కనిపిస్తుంది, జిప్పు మాత్రం పడదు. అంటే తెగడానికి ముందే ఎంతోకొంత పరిచయం ఉంటుంది, తెగులు ఆ పరిచయాన్ని ఖాయం చేస్తుంది అని నేనంటాను.

సిక్కోలు_కల్లుముంత:

మేడమ్ మీరన్నది ఒప్పుకుంటున్నాను, "వెతకడానికే తెగడం" అని తేల్చి చెప్పడం కొంచెం ఎక్కువైంది. ఆ పరిచయం గురించి నేనూ ఒకటి కలపాలి, రాత్రి కరెంటు పోయి ఆపేశాను. ఈస్ట్‌లో క్రోమోసోమ్ కొసలు, అంటే టెలోమియర్‌లు, కేంద్రక త్వచానికి అతుక్కుని ఒక పక్కకి గుంపుగా చేరతాయి, బయట సైటోప్లాజమ్‌లో ఉన్న ఆక్టిన్ అనే ప్రోటీన్ తాళ్లు త్వచం గుండా వాటిని పట్టి లాగుతూ ఉంటాయి. లైవ్‌లో చూస్తే క్రోమోసోమ్‌లు కుదురుగా ఉండవు, ఒకటే తోపులాట. పైడితల్లి సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గర తప్పిపోయిన మనిషిని వెతికినట్టు అనుకోండి, నిలబడి చూస్తుంటే దొరకడు, జనంలో పడి కొట్టుకుపోతుంటేనే ఎదురుపడతాడు. ఆ లాగుడుకి ఇంకో ప్రయోజనం కూడా ఉందంటారు, తప్పు జోడీతో చిక్కుపడినవి ఆ కుదుపులకి ఊడిపోతాయని. మొదట్లో సెంట్రోమియర్‌లు జోడీ కానివాటితో కూడా రెండేసి చొప్పున అతుక్కుని ఉంటాయి, అదీ ఆ జిప్1 పనే, తర్వాత సరైన జతలకి మారతాయి. పెళ్లిచూపులు చాలా అవుతాయన్నమాట.

పొందూరు_పోగు:

మేడమ్ గోరు, అయితే పురుగుకి గుర్తు ఉంది, ఈస్ట్‌కి లేదు, అంతేనా? మా ఇంట్లో రంగు కట్టిన పోగులైతే దూరం నుంచే తెలిసిపోతాది, అన్నీ తెల్లపోగులే అయితే సేత్తో పట్టుకుని సూడాలి.

నాగావళి_గట్టు:

భలే చెప్పారండీ, నా థీసిస్‌లో ఈ మాట రాసుంటే బాగుండేది. పురుగులో కూడా 6 జతలకి 6 వేర్వేరు రంగులు లేవులెండి, కొన్ని గుర్తులు రెండేసి క్రోమోసోమ్‌లకి ఉమ్మడి, అందుకని గుర్తొక్కటే చాలదు, ఇంకేదో కూడా చూసుకుంటుంది.

ఇజీనారం_మాస్టారు:

అందరికీ దండాలు. సోమవారం క్లాసులో చెప్పాను, పొందూరు వారి పోగు మాట కూడా వారి పేరు మీదే చెప్పాను. ఆ పిల్ల అంతా విని "అయితే మాస్టారూ మనం చూడొచ్చా" అంది. మా ల్యాబులో మైక్రోస్కోపులు నాలుగున్నాయి, అందులో రెండు పనిచేస్తాయి. బేకరీ ఈస్ట్ ప్యాకెట్ కొని చూపించే దారి ఏదైనా ఉందా?

సిక్కోలు_కల్లుముంత:

తెగుళ్లు కనపడవు మాస్టారూ, వాటికి జెల్ నడపాలి, అంటే డీఎన్‌ఏ ముక్కల్ని పొడవుని బట్టి వేరుచేసి చూడాలి. నాలుగు స్పోర్‌ల సంచి మాత్రం 40 ఆబ్జెక్టివ్ కింద చూడొచ్చు. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 1 గ్రాము పొటాషియం ఎసిటేట్, 2 గ్రాములు అగార్ వేసి మరిగించి ప్లేట్లు పొయ్యండి. ఈస్ట్‌ని ముందు చక్కెర, పెప్టోన్ ఉన్న మీడియం మీద ఒక రోజు బాగా పెంచి, తర్వాత ఈ ప్లేట్ మీద పల్చగా రుద్దండి. 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచి మూడో రోజు నుంచి చూస్తూ ఉండండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దు, మన ఊళ్లో ఆ ఎండకి అవి స్పోర్‌లు పెట్టవు, కార్తీకమాసం అయితే రూములోనే పెట్టేయొచ్చు. మలకైట్ గ్రీన్ ఉంటే వేడి చేస్తూ రంగెక్కించండి, స్పోర్‌లు ఆకుపచ్చగా నిలుస్తాయి.

ముందే చెప్తున్నా, బేకరీ ప్యాకెట్ ఈస్ట్‌లు చాలావరకు బద్ధకస్తులు, సరిగ్గా స్పోర్‌లు పెట్టవు, వాటిలో క్రోమోసోమ్‌ల సంఖ్యే ఎగుడుదిగుడుగా ఉంటుంది. వంద కణాలు చూస్తే రెండో మూడో దొరకొచ్చు, అదీ నాలుగు కాకుండా రెండు స్పోర్‌లతో. ఏదైనా యూనివర్సిటీలో తెలిసినవాళ్లుంటే ల్యాబ్ డిప్లాయిడ్ స్ట్రెయిన్ ఒకటి అడిగి తెచ్చుకోండి, ఈస్ట్ పెంచిన చిన్న ట్యూబు (స్లాంట్) చాలు. దొరక్కపోతే ఇక్కడే చెప్పండి, సంక్రాంతికి ఊరొచ్చేటప్పుడు దారి చూద్దాం.

రాజాం_నీట్_బ్యాచ్:

సార్ మాకూ చూపించండి. రాజాం నుంచి బస్సులో వచ్చేస్తాం, ఆదివారం పెట్టండి.

ఇజీనారం_మాస్టారు:

ఆదివారం ల్యాబ్ తాళం అటెండర్ దగ్గరుంటుంది తమ్ముడూ, అడిగి చూస్తాను. ఆ పిల్ల అప్పుడే పెప్టోన్ ఎక్కడ దొరుకుద్దో కనుక్కునే పనిలో పడింది.